లైన్లో నిలబడొద్దన్నారు... జగజ్జేతగా నిలిచింది!

యథార్థ గాథ

ముప్పై కార్డులు. ఒక్కో ఎత్తుకు డెబ్బై అయిదు సెకన్లు. ఎదురుగా ఓ ప్రత్యర్థి. హార్త్‌స్టోన్ అనే డిజిటల్ కార్డుల ఆటలో 2019లో ఓ చైనా అమ్మాయి ప్రపంచ విజేత అయింది. అంతకు రెండేళ్ల ముందు, ఓ పోటీలో పేరు రాయించుకోవడానికి వెళ్తే ‘ఇది నీ చోటు కాద’న్నారామెను. ఆ మాటకూ ఈ గెలుపుకూ మధ్య ఏముందో చెప్పే కథ ఇది.

అనాహైమ్, 2019 నవంబరు 2

కాలిఫోర్నియాలోని అనాహైమ్. డిస్నీల్యాండ్ పక్కనే ఉన్న కన్వెన్షన్ సెంటర్ జనంతో కిటకిటలాడుతోంది. వీడియోగేముల సంస్థ బ్లిజార్డ్ తన అభిమానుల కోసం జరిపే ‘బ్లిజ్‌కాన్’ వేడుకకు అది రెండో రోజు, ఆఖరి రోజు కూడా. హార్త్‌స్టోన్ గ్రాండ్‌మాస్టర్స్ గ్లోబల్ ఫైనల్స్ తుదిపోరుకు వేదిక సిద్ధమైంది. మొత్తం బహుమతి సొమ్ము 5 లక్షల డాలర్లు. అందులో 2 లక్షలు విజేతవి. అయిదు ఆటల్లో ముందుగా మూడు గెలిచినవారిదే కిరీటం.

ఒకవైపు అమెరికా ఆటగాడు బ్రయన్ ఈసన్. ఆటలో అతని పేరు బ్లడీఫేస్. సొంత దేశం, సొంత ప్రేక్షకులు. రెండోవైపు లి షియావ్‌మెంగ్. వీకేలయన్ అనే పేరుతో ఆడుతుంది. చైనా నుంచి అర్హత సాధించి ఇక్కడిదాకా వచ్చింది.

హార్త్‌స్టోన్‌లోనే కాదు, బ్లిజ్‌కాన్‌లో జరిగిన ఏ గేమింగ్ ఛాంపియన్‌షిప్‌లోనూ అప్పటిదాకా ఒక మహిళ విజేతగా నిలిచింది లేదు. హాల్లో ఉన్నవాళ్లందరికీ ఆ సంగతి తెలుసు. ఆమెకూ తెలుసు.

ఆ మాట అన్నదెక్కడ?

రెండేళ్లు వెనక్కి వెళ్దాం. అప్పటికి ఆమె ప్రపంచానికి తెలియదు. చైనాలో కార్డుల ఆట ఆడే లక్షల మందిలో ఒకరు. ఓ పోటీ జరుగుతోందంటే వెళ్లింది. నేరుగా ఆడే అవకాశం కాదు, ఎవరైనా రాకపోతే వాళ్ల స్థానంలో ఆడేందుకు రిజర్వు ఆటగాళ్ల జాబితాలో పేరు రాయించుకోవాలి. దానికీ లైనుంది. ఆ లైన్లో నిలబడింది.

అక్కడే ఉన్న ఒకతను ఆమెను చూశాడు. ఆడపిల్లవైతే ఈ లైన్లో నిలబడకూడదు, ఇది నీకోసం కాదు అన్నాడు. గెలిచిన తర్వాత ఆమే స్వయంగా చెప్పిన సంగతి ఇది.

ఆ మనిషి ఆమె ఆట చూడలేదు. ఆమె ఏ డెక్‌తో వచ్చిందో అడగలేదు. చేతిలో మంచి కార్డు లేనప్పుడు ఆమె ఏం చేస్తుందో అతనికి తెలియదు. కార్డుల ఆటలో ఒక మనిషి సత్తా తెలుసుకోవాలంటే చూడాల్సినవి ఆ మూడే. అతను చూసింది మాత్రం ఆమె ఆడపిల్ల కావడం ఒక్కటే.

ఆ మూడింటి గురించీ తెలిస్తేగానీ ఆ మాట ఎంత తప్పో అర్థం కాదు. అందుకే కథను కాసేపు ఆపి, ఆటలోకి వెళ్దాం.

ముప్పై ఒకటో కార్డు

హార్త్‌స్టోన్ 2014 మార్చిలో పూర్తిస్థాయిలో విడుదలైంది. ‘వార్‌క్రాఫ్ట్’ అనే పాత ఆటలోని మాంత్రికులు, యోధులు, రాక్షసులే ఇందులో కార్డులయ్యారు. మన రమ్మీలో పేక అందరికీ ఒక్కటే. ఇక్కడ ఎవరి పేక వాళ్లదే. ఆటకు ముందే కూర్చుని, ఉన్న వందల కార్డుల్లోంచి ముప్పైని ఏరి కట్టుకోవాలి. అదే డెక్. ఒకే కార్డును రెండుసార్ల వరకూ పెట్టుకోవచ్చు. అరుదైన లెజెండరీ కార్డు మాత్రం ఒక్కటే.

కార్డులు ఒకరికొకరు ఇచ్చిపుచ్చుకునే వీల్లేదు. ప్యాకెట్లు తెరవాలి. పనికిరానివి పొడి చేస్తే ‘డస్ట్’ వస్తుంది. ఆ డస్ట్‌తో కావాల్సింది తయారుచేసుకోవాలి. ఒక లెజెండరీ కార్డు చేసుకోవాలంటే 1600 డస్ట్ కావాలి. అదే కార్డును పొడి చేస్తే వచ్చేది 400. అంటే ఒకటి కావాలంటే నాలుగు వదులుకోవాలి. డబ్బు పెట్టలేని కుర్రాళ్లకు ప్రతి కార్డూ ఆచితూచి చేసే నిర్ణయమే.

ఇద్దరికీ చెరో 30 ప్రాణాలు. కార్డు వేయడానికి ఖర్చుపెట్టే శక్తి పేరు మానా. మొదటి ఎత్తులో ఒక మానా, రెండో ఎత్తులో రెండు, అలా పది వరకూ పెరుగుతుంది. ప్రతి కార్డుకూ మానాల్లో ఓ ఖరీదుంటుంది. అన్నీ ఖరీదైన కార్డులే పెట్టుకుంటే అవి పనికొచ్చేలోపే ప్రత్యర్థి దంచేస్తాడు. అన్నీ చవకవైతే ఆరో ఎత్తుకల్లా చేయి ఖాళీ. ఒకటి, రెండు, మూడు మానాల కార్డులు ఎన్ని, ఆపైవి ఎన్ని అన్న లెక్కనే ఆటగాళ్లు ‘కర్వ్’ అంటారు. డెక్ కట్టడం అక్కడ మొదలవుతుంది.

అసలు కష్టం ముప్పై ఒకటో కార్డు దగ్గర వస్తుంది. పెట్టాలనిపించే కార్డులు ఎప్పుడూ ముప్పై కంటే ఎక్కువే. ఇష్టమైనది తీసేయాలి. నిన్న ఒక ఆట గెలిపించిన కార్డును, మిగతా తొమ్మిది ఆటల్లో చేతిలో బరువుగా ఉందన్న కారణంతో పక్కన పెట్టాలి. కొత్తగా ఆడేవాళ్లు గెలిపించిన కార్డునే గుర్తుపెట్టుకుంటారు. పైస్థాయి ఆటగాళ్లు ఓడిన ఆటల్ని మళ్లీ తిరగేసి, ఏ కార్డు చేతిలో ఉండి కూడా వాడలేకపోయామో చూస్తారు. ఒక్క కార్డు మార్చి మళ్లీ పదులకొద్దీ ఆటలు ఆడతారు. ఓ డెక్ పదును తేలడమంటే ఇదే.

జంటలా, ఒంటరివా?

2019లో డెక్ కట్టే ప్రతి ఒక్కరి ముందూ ఓ పెద్ద ప్రశ్న నిలిచింది. ఆ ఏడాది ఆగస్టు 6న ‘సేవియర్స్ ఆఫ్ ఉల్డమ్’ అనే కొత్త కార్డుల విడత వచ్చింది. దాంతోపాటు ‘జెఫ్రిస్ ది గ్రేట్’ అనే భూతం కార్డును ఆటలో చేరిన అందరికీ ఉచితంగా ఇచ్చారు. ఖరీదు రెండే మానాలు. డెక్‌లో ఏ కార్డూ రెండేసి లేకపోతే, ఆ క్షణానికి నీకు ఏది కావాలో తనే చూసి, ఆటలోని పాత మూల కార్డుల్లోంచి మూడు చూపిస్తుంది. ఒకటి ఎంచుకోవచ్చు.

వినడానికి వరంలా ఉంది. కానీ దానికి చెల్లించే ధర లెక్క వేస్తే తెలుస్తుంది.

ముందుగా ఆడేవారి చేతికి మొదట మూడు కార్డులొస్తాయి, ఆపై ఎత్తుకొకటి. ఏడో ఎత్తుకల్లా పది కార్డులు చూసినట్టు. మొదట్లో కార్డులు మార్చుకునే అవకాశాన్ని లెక్కలోకి తీసుకోకపోతే, డెక్‌లో ఒక్కటే ఉన్న కార్డు ఆ పదిలో వచ్చే అవకాశం 33 శాతం. అదే కార్డు రెండుంటే కనీసం ఒకటి చేతికందే అవకాశం 56 శాతం. అంటే ఒంటరి కార్డుల డెక్‌తో కూర్చున్నవారు, తమ పథకానికి అవసరమైన ఒక్కో కార్డు విషయంలోనూ అంత తేడాను ముందే వదులుకుంటున్నారు. పైగా ఒక్కోటే పెట్టాలి కాబట్టి, మామూలుగా పక్కన పెట్టే రెండో రకం కార్డులు కూడా లోపలికొస్తాయి.

మరి ఎందుకు కట్టేవారు? ఒక దృశ్యం ఊహించండి. ఏడో ఎత్తు. మీ చేతిలో ఏడు మానాలు. బల్ల మీద మీరు కార్డులతో దింపిన నాలుగు చిన్న ప్రాణులు బతికి ఉన్నాయి. ఒక్కోదాని దెబ్బ ఒకటే. ప్రత్యర్థి ప్రాణాలు 16. అడ్డంగా ఎవరూ లేరు. నాలుగూ కొడితే నాలుగే పోతాయి, మరుసటి ఎత్తులో మీ పని అయిపోతుంది. రెండు మానాలతో జెఫ్రిస్‌ను దింపుతారు. చూపించిన మూడింటిలో ‘బ్లడ్‌లస్ట్’ ఉంది. దాని ఖరీదు అయిదు. ఆ ఎత్తుకు మీ ప్రాణులన్నింటికీ మూడేసి దెబ్బ పెంచుతుంది. నాలుగు నాలుగులు పదహారు. సరిగ్గా ఆట ముగిసింది.

అప్పుడే దిగిన జెఫ్రిస్ ఆ ఎత్తులో కొట్టలేడు, కొట్టాల్సింది ముందునుంచీ కాపాడుకున్న ఆ నలుగురే. చూసేవాళ్లు భూతం వరమిచ్చిందనుకుంటారు. ఆడేవాళ్లకు తెలుసు... అయిదో ఎత్తులో, ఆరో ఎత్తులో ఆ చిన్న ప్రాణుల్ని అనవసరంగా పోగొట్టుకోకుండా ఉంచడమే అక్కడ గెలుపని.

అదృష్టమెంత, ఆట ఎంత?

మన దగ్గర కార్డులనగానే ‘అంతా లక్కే’ అనేస్తారు. ఆ వాదన మన నేల మీద పుట్టిన కేసులోనే సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. సికింద్రాబాద్‌లోని ఓ క్లబ్బులో రమ్మీ ఆడించారంటూ పెట్టిన కేసది. ‘ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం వర్సెస్ కె.సత్యనారాయణ’గా న్యాయవాదులందరికీ తెలుసు. రమ్మీ మూడు ముక్కలాటలా పూర్తిగా అదృష్టం మీద నడిచేది కాదనీ, పడిన ముక్కల్ని గుర్తుపెట్టుకోవడం, ఏది ఉంచుకోవాలో ఏది పారేయాలో తేల్చుకోవడం నైపుణ్యమేననీ కోర్టు 1967లో చెప్పింది.

హార్త్‌స్టోన్‌లో ఆ నైపుణ్యానికి ఇంకో అంతస్తు ఉంది. పంచిన ముక్కలతో ఆడటమే కాదు, ఏ ముక్కలు పంచుకోవాలో ముందే నిర్ణయించుకోవాలి. వాన ఎప్పుడు పడుతుందో రైతు చేతిలో లేదు, కానీ చెరువు పూడిక తీయడం అతని చేతిలోనే ఉంది. డెక్ కట్టడం పూడిక తీయడమే. ఏ కార్డు ఎప్పుడొస్తుందో తెలియదు. ఏది వచ్చినా దాన్ని వాడుకునే వీలు మాత్రం ముందే తవ్వి పెట్టుకోవచ్చు.

ఇక బల్ల దగ్గర కూర్చున్నాక మరో పని. ప్రత్యర్థి చేతిలోని కార్డుల ముఖాలు కనిపించవు గానీ, అవి ఏ వరుసలో ఉన్నాయో తెరమీద కనిపిస్తుంది. కొత్త కార్డు ఎప్పుడూ చేతిలో ఒకే చివర చేరుతుంది. అంటే ఆట మొదట్లోనే మార్చకుండా ఉంచుకున్న కార్డు ఏదో, దాన్ని ఎన్ని ఎత్తులుగా వాడకుండా దాచారో గమనించవచ్చు. అతను ఓ కార్డు మీద వేలు ఆనించి మనసు మార్చుకున్నా ఇటువైపు తెలుస్తుంది. నాలుగు ఎత్తులుగా ఎడమ చివర కదలని ఆ కార్డు ఏమై ఉంటుంది? తన డెక్‌లో అంత ఓపికగా దాచదగ్గది ఏది? అదే అయితే నా రెండో ప్రాణిని ఇప్పుడు దింపొచ్చా?

ఇవన్నీ ఆలోచించడానికి ఉన్నది డెబ్బై అయిదు సెకన్లు. ఆఖర్లో బల్ల మధ్య ఓ తాడు అంటుకుని కాలడం మొదలవుతుంది. అది కాలిపోయేలోపు ఎత్తు ముగించాలి. అద్భుతమైన ఎత్తును ఆలస్యంగా కనిపెట్టినా ఉపయోగం లేదు.

నేల కదిలిన అక్టోబరు

ఇంత కష్టపడి పదునుపెట్టిన డెక్ ఎంతకాలం పనికొస్తుంది? చదరంగంలో గుర్రం ఎప్పుడూ గుర్రంలాగే కదులుతుంది. డిజిటల్ కార్డుల ఆటలో అలాంటి భరోసా లేదు. ఓ కార్డు మరీ బలంగా తయారైందనిపిస్తే తయారీదారులు దాని ఖరీదు పెంచుతారు. రాత్రి పడుకునేటప్పుడు మూడు మానాలున్నది పొద్దున్నకు నాలుగవుతుంది. ఆటగాళ్లు దీన్ని ‘నెర్ఫ్’ అంటారు. ఉల్డమ్ కార్డులొచ్చిన నెలలోనే అలా కొన్ని మారాయి.

అసలు కుదుపు అక్టోబరు 8న వచ్చింది. పోటీల్లో వాడకుండా ఎప్పుడో పక్కన పెట్టిన పాత కార్డుల్లో 23ను కొన్నాళ్లపాటు తిరిగి అనుమతించారు. అందులో ‘ఎవాల్వ్’ ఒకటి. ఖరీదు ఒక్క మానా. బల్ల మీదున్న మీ ప్రాణులన్నింటినీ, వాటికంటే ఒక మానా ఎక్కువ ఖరీదున్న వేరే ప్రాణులుగా మార్చేస్తుంది. అప్పటికే ఉల్డమ్ విడతలో ‘డెజర్ట్ హేర్’ అనే కుందేలు ఉంది. మూడు మానాలకు దిగి, తనలాంటివే మరో రెండింటిని తెస్తుంది. ఒక్కో కుందేలుకు ఒక దెబ్బ, ఒక ప్రాణం. ఎవరూ పట్టించుకోని కార్డు. ఇప్పుడు ఈ రెండింటినీ కలపండి. నాలుగో ఎత్తులో మూడు కుందేళ్లు దిగుతాయి. మిగిలిన ఒక్క మానాతో ఎవాల్వ్ వేస్తే మూడూ నాలుగేసి మానాల ఖరీదున్న ప్రాణులవుతాయి. పన్నెండు మానాల సైన్యం నాలుగో ఎత్తులోనే బల్ల మీద నిలబడుతుంది. ఆ రెండు కార్డులున్న షామన్ అనే వర్గం డెక్ ఆ నెలంతా ఆటను కుదిపేసింది.

ఇలాంటప్పుడు డెక్ కట్టేవారికి రెండే దారులు. ఆ బలమైన డెక్‌ను తామూ కట్టుకోవడం, లేదా దాన్ని ఓడించడానికే మరోటి కట్టడం. ఎదుటివాళ్లు రెండో దారి పడతారనుకుంటే దానికీ విరుగుడు చూసుకోవాలి. ఎవరు ఏం తెస్తారో ఊహించి, ఆ ఊహమీద పందెం కాసినట్టు డెక్ కట్టడాన్నే ‘మెటా చదవడం’ అంటారు.

పైస్థాయి పోటీకి ఒక్క డెక్ సరిపోదు. వేర్వేరు వర్గాలవి కొన్ని కట్టి, జాబితాలు ముందుగానే నిర్వాహకులకు అప్పగించాలి. ఆ తర్వాత ఒక్క కార్డూ మార్చడానికి వీల్లేదు. ప్రత్యర్థి తెచ్చిన డెక్‌లలో ఒకదాన్ని నిషేధించే హక్కు ఉండే పద్ధతి ఈ పోటీల్లో బాగా వాడుకలో ఉంది. దాంతో మన దగ్గరున్న అత్యుత్తమ డెక్ అసలు బల్లమీదికే రాకపోవచ్చు. కాబట్టి రెండోది, మూడోది కూడా ఒంటరిగా నిలబడి గెలవగలిగినవై ఉండాలి. డెక్‌లన్నీ ఒకే రకం ప్రత్యర్థికి భయపడేవైతే లైనప్ మొత్తం ఒక్క దెబ్బకు కూలుతుంది. జాబితా అప్పగించే రాత్రి ఆటగాళ్లకు నిద్ర పట్టదంటే, అందుకు కారణం ఈ లెక్కలే.

బయట నినాదాలు, లోపల ఆట

ఆ ఏడాది అనాహైమ్‌కు వెళ్లే దారి కార్డుల వల్లే కాదు, రాజకీయాల వల్ల కూడా బరువెక్కింది. అక్టోబరు 6న హాంకాంగ్‌కు చెందిన హార్త్‌స్టోన్ ఆటగాడు బ్లిట్జ్‌చుంగ్ ఓ మ్యాచ్ తర్వాత ఇచ్చిన ఇంటర్వ్యూలో, ముఖానికి మాస్కు పెట్టుకుని హాంకాంగ్ ఉద్యమానికి మద్దతుగా నినాదం చేశాడు. బ్లిజార్డ్ అతన్ని ఏడాది నిషేధించి బహుమతి సొమ్మును ఆపేసింది. ప్రపంచవ్యాప్తంగా నిరసనలు రావడంతో నిషేధాన్ని ఆరు నెలలకు తగ్గించి డబ్బు ఇచ్చేసింది. నవంబరు 1న బ్లిజ్‌కాన్ ప్రారంభ వేదిక మీద సంస్థ అధ్యక్షుడు జె.అలెన్ బ్రాక్ తాము తొందరపడ్డామంటూ క్షమాపణ చెప్పారు. కన్వెన్షన్ సెంటర్ బయట నిరసనకారులు ప్లకార్డులు పట్టుకుని నిలబడ్డారు.

అదే ఆట, అదే వేదిక. చైనా నుంచి వచ్చిన ఓ అమ్మాయి. ఆ రెండు రోజులూ హార్త్‌స్టోన్ పేరెత్తితే జనం మాట్లాడుకున్నది ఆట గురించి కాదు. అలాంటి చోట కూర్చుని, ప్రత్యర్థి ఎడమ చివరి కార్డు ఏమై ఉంటుందన్న ఒక్క ప్రశ్న మీద మనసు నిలపడం ఎంత కష్టమో, ఎప్పుడైనా పోటీపరీక్ష రాసిన ప్రతి ఒక్కరూ ఊహించుకోగలరు.

మూడు - సున్నా

తుదిపోరు మొదలైంది. మొదటి ఆట ఆమెది. అయిదింట మూడు గెలవాల్సిన పోరులో మొదటిది గెలవడం బలమే గానీ, అది ఏమంత భరోసా కాదు. ప్రత్యర్థి ఆషామాషీగా అక్కడికి రాలేదు. గ్రాండ్‌మాస్టర్ల మధ్య ఆడి నెగ్గుకొచ్చినవాడు.

రెండో ఆటా ఆమెదే.

ఇక్కడ నుంచి ఆట మనసుతో సాగుతుంది. వెనకబడ్డవారు పోగొట్టుకునేది లేదన్నట్టు తెగించి ఆడతారు. ముందున్నవారికి గెలుపు ఒక్క అడుగు దూరంలో కనిపిస్తుంటుంది. ఆ అడుగు తొందరగా వేసేయాలన్న ఆరాటమే చాలామందిని ముంచుతుంది. రెండు ఎత్తుల తర్వాత వాడాల్సిన కార్డును ఇప్పుడే వాడేస్తారు. ఇలా ఆధిక్యంలోకి వెళ్లి, చేజార్చుకున్న ఆటగాళ్లు ఈ ఆట చరిత్రలో కొల్లలు.

ఆమె చేజార్చుకోలేదు. మూడో ఆట కూడా గెలిచింది. 3-0. ప్రపంచంలోని అత్యుత్తమ ఆటగాళ్లలో ఒకరికి ఒక్క ఆట కూడా ఇవ్వకుండా తుదిపోరును ముగించింది. అదృష్టం ఒక ఆటను గెలిపించగలదు. వరసగా మూడు ఆటల్ని, అదీ ఆ వేదిక మీద గెలిపించాలంటే దాని వెనక ముందే చేసిన పని ఉండాలి.

హార్త్‌స్టోన్ ప్రపంచ కిరీటం గెలిచిన మొదటి మహిళ. బ్లిజ్‌కాన్‌లో ఛాంపియన్‌గా నిలిచిన మొదటి మహిళ. హాలు హోరెత్తింది.

ట్రోఫీ అందుకున్నాక ఆమె మాట్లాడింది. ఈ పోటీల్లో గెలవాలని, పేరు తెచ్చుకోవాలని కలలు కనే అమ్మాయిలందరికీ తను చెప్పదలచుకున్నది ఒక్కటేనంది. చేయాలనుకుంటే, మీ మీద మీకు నమ్మకముంటే, ఆడపిల్లనన్న సంగతి మర్చిపోయి ముందుకెళ్లండి అంది. లైన్లో తనకు ఎదురైన ఆ అవమానం గురించి చెప్పిందీ గెలిచాకే. ఓడి ఉంటే ఆ మాట ప్రపంచానికి తెలిసేదే కాదు. అలా తెలియకుండా పోయిన మాటలు ఎన్ని ఉంటాయో!

గెలిచినా వీడని పరీక్ష

ఈ కథకు మనతోనూ ఓ బంధముంది. ఆమె గెలుపుకు ఏడాది ముందు, 2018లో జకార్తాలో జరిగిన ఆసియా క్రీడల్లో ఈ-స్పోర్ట్స్‌ను ప్రదర్శన క్రీడగా ఆడించారు. అందులో హార్త్‌స్టోన్‌లో మన దేశానికి కాంస్యం వచ్చింది. తెచ్చినవాడు గుజరాత్‌లోని భుజ్‌కు చెందిన తీర్థ్ మెహతా. ప్రదర్శన క్రీడ కాబట్టి ఆ పతకం అధికారిక పట్టికలో చేరలేదు. కానీ మహానగరాల పేర్లే వినిపించే గేమింగ్ ప్రపంచంలో, కచ్ ఎడారి అంచునున్న ఓ ఊరి కుర్రాడు దేశానికి పతకం తెచ్చాడు.

ఆ తర్వాత చైనాలోని హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో ఈ-స్పోర్ట్స్‌కు అసలు పతకాలే ప్రకటించారు. హార్త్‌స్టోన్ కూడా మొదట ఆ జాబితాలో ఉంది. ఇంతలో బ్లిజార్డ్‌కూ, చైనాలో దాని ఆటలు నడిపే నెట్‌ఈజ్‌కూ మధ్య ఒప్పందం పొడిగింపు కుదరలేదు. 2023 జనవరి 23న చైనాలో సర్వర్లు ఆగిపోయాయి. ఆసియా క్రీడల నుంచి హార్త్‌స్టోన్‌ను తీసేశారు. ప్రపంచ విజేతను ఇచ్చిన దేశంలోనే ఆ ఆట ఆడే వీల్లేకుండా పోయింది. ఏళ్ల తరబడి కూడబెట్టుకున్న కార్డులు ఎవరి ఖాతాలో వాళ్లకు కనిపించకుండా పోయాయి. రెండు సంస్థలూ మళ్లీ చేతులు కలిపాక 2024 సెప్టెంబరు 25న గానీ ఆట అక్కడికి తిరిగి రాలేదు.

డిజిటల్ ఆటలో ఇదొక నిజం. పేకముక్కల్లా ఈ కార్డులు ఇంట్లో బీరువాలో ఉండవు. ఎవరో మీట నొక్కితే మాయమవుతాయి. వాటితో నేర్చుకున్నది మాత్రం ఎవరూ తీసేయలేరు. అవకాశాన్ని శాతాల్లో చూడటం, ఇష్టమైనదైనా లెక్కకు సరిపోకపోతే వదులుకోవడం, నేల కదిలినప్పుడు నిన్నటి పథకాన్ని పట్టుకుని వేలాడకపోవడం, గెలుపు అంచున తొందరపడకపోవడం... ఇవన్నీ మనిషిలో ఉండిపోయేవే.

తెలుగు ఇళ్లలో ఇప్పుడు ఫోన్ పట్టుకుని ఆడే పిల్లలకు కొదవ లేదు. మగపిల్లాడైతే ‘గేమ్ పిచ్చి’ అంటాం, ఆడపిల్లయితే ‘నీకెందుకివన్నీ’ అంటాం. మొదటి మాటలో కోపం ఉంది, రెండో మాటలో తీర్పు ఉంది. ఆ తీర్పు ఇచ్చేముందు ఒక్క పని చేయండి. మీ అమ్మాయి ఇలాంటి ఆట ఆడుతుంటే పక్కన కూర్చుని, ఏ డెక్ కడుతోందో అడగండి. ఏ కార్డును ఎందుకు తీసేసిందో చెప్పమనండి. ఎదుటివాళ్లు దాచిన కార్డు ఏమిటనుకుంటోందో, అలా ఎందుకనుకుంటోందో వినండి. ఆమె చెప్పే జవాబులో ఎంత లెక్క, ఎంత ఓపిక, ఎంత ముందుచూపు ఉన్నాయో విన్నాక, ‘ఇది నీకోసం కాద’ని ఏ ఆడపిల్లతోనూ అనలేరు.